మూడు గోవిందల పానకం

ఒక పెద్ద అడవిలో, అదీ ఎంత పెద్దదంటే ఈ కొసన ఇచ్చిన అర్జీకి ఆ కొస నుంచి జవాబు వచ్చేసరికి అర్జీదారుడికి మునిమనవలు పుట్టేంత పెద్ద అడవిలో, నాంచారమ్మ అనే పునుగుపిల్లి ఉండేది.

పునుగుపిల్లి అంటేనే పరిమళం కదా. ఆమె దారిన పోతుంటే ఎక్కడో గుడి తలుపులు తీసినట్టుండేది. గొంతు పెంచి మాట్లాడటం ఎరగదు. కోపం వస్తే కళ్లు మూసుకుని "గోవిందా" అనేది. ఎక్కువ కోపం వస్తే రెండుసార్లు అనేది.

ఆ అడవిలో కొత్త చిగుళ్లు వేసే రోజుల్లో చిగుళ్ల పండుగ చేసేవారు. ఆ రోజు పొద్దున ఎవరూ ఎంగిలిపడరు. సూర్యుడు కొండ నెత్తికెక్కి, వెలుగు సామి బండ మీద పడ్డాక నాంచారమ్మ పానకం నైవేద్యం పెట్టాలి. అప్పుడే పంక్తి. అది పొద్దుటి చద్దీ కాదు, మధ్యాహ్నపు భోజనమూ కాదు. రెంటికీ నడుమ, కడుపులో ఎలుకలు పరిగెత్తే వేళ. చేసేవి కూడా చేతనైనవాళ్లూ చేతకానివాళ్లూ చేసుకోగలిగిన వంటలే. కొబ్బరినీళ్లలో నానిన అటుకులు, ఎండకు కాగిన బండ మీద చరిచిన ఇప్పపువ్వు రొట్టెలు, తేనె పూసిన పనసతొనలు, ఉప్పు అద్దిన మామిడి పిందెలు.

పానకం మాత్రం నాంచారమ్మ ఇంటిది. ఏడు తరాలుగా అంతే. ఈతబెల్లం, తేనె, మామిడి రసం, మిరియాలు, నలిపిన తులసి, చిటికెడు వేపపూత. కొలతలు ఎక్కడా రాసి లేవు. "తేనె ఒక గోవిందంతసేపు పొయ్యి. మిరియం రెండు గోవిందలు నూరు. చివర మూడు గోవిందలు తిప్పి మూతపెట్టు," అని అవ్వ చెప్పింది. అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది.

నాంచారమ్మ కళ్లు మూసుకుని తేనె పోస్తుంటే, ఆ చేయి తనదో అవ్వదో తెలిసేది కాదు. ఏడాదికి ఆ ఒక్కపూట అవ్వ ఇంటికొచ్చి పోతున్నట్టుండేది. ఒక్క ఏడు పానకం తప్పితే, అవ్వ గుమ్మం దాకా వచ్చి ఎవరూ పిలవలేదని వెనక్కి మళ్లిపోతుందేమోనని ఆమె భయం.

అలాంటి ఇంటి మీదకి కోదండం వచ్చి పడ్డాడు.

కోదండం కొండముచ్చు. అడవి అంచున మనుషులు కట్టుకున్న రిసార్టు గోడ మీద రెండేళ్లు కూర్చుని, అక్కడివాళ్లు ఏం తింటున్నారో చూసి, వాళ్లు వదిలేసింది తిని, విద్యావంతుడై తిరిగొచ్చాడు. చెవి వెనక చిన్న కాగితం గొడుగు. అది గ్లాసుకు పెట్టేదని ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ అది పట్టా అనుకున్నారు.

"ఇన్నాళ్లూ పండుగనాడు మీరు తింటున్నదేంటో తెలుసా?" అన్నాడు సభలో.

"అటుకులు," అంది ముళ్లపంది పెంచలమ్మ. నాంచారమ్మ పక్కింటావిడే.

"కాదు. బ్రంచ్."

"ఆ పేరు పెడితే ఇంకో గుప్పెడు ఎక్కువ వస్తాయా?"

కోదండం ఆమె వైపు చూడలేదు. "ఇక ఆ పానకం. దాన్ని కాక్‌టెయిల్ అంటారు. ఉత్సవ కాలపు కాక్‌టెయిల్. కానీ దానికి ప్రమాణాల్లేవు. కొలత లేదు, కాగితం లేదు. ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు బాధ్యులు?"

"ఏడు తరాలుగా ఏమీ కాలేదు కదా నాయనా," అంది నాంచారమ్మ మెల్లగా.

"అదే ప్రమాదం. ఏమీ కాలేదని ఏ రికార్డులోనూ లేదు!"

అధ్యక్షుడు అడవిదున్న ఎర్రప్ప తల ఊపాడు. ఎర్రప్పకు ఒకటే బలహీనత. అర్థం కాని మాట వినపడితే చాలు, దానికో మండలి వేసేవాడు. అప్పటికే అడవిలో పదహారు మండళ్లున్నాయి. ఆ రోజు రెండు కొత్త మాటలు వినపడేసరికి ఆనందం పట్టలేక బ్రంచ్ మరియు కాక్‌టెయిల్ మండలి వేసి, తాను అధ్యక్షుడై, కోదండాన్ని నిపుణుణ్ణి చేశాడు. గుమాస్తాగా తాబేలు మునిరత్నం కుదిరాడు. పదహారు మండళ్లకూ గుమాస్తా ఆయనే.

మండలి మొదటి ఉత్తర్వు ఇది. ముద్ర పడని పానకం సామి బండ ఎక్కరాదు. ముద్ర పడేదాకా పంక్తిలో ఎవరూ ముద్ద ఎత్తరాదు. పానకానికి ముద్ర రాకపోతే, ఆ ఏడాది నుంచి పండుగ పానీయం కోదండమే సరఫరా చేయును.

కోదండం పానీయం ఏంటంటే, రిసార్టు వెనక దొరికిన సీసాలో నీలిరంగు నీళ్లు. దాన్ని చూసి ఒక చీమ కూడా దగ్గరికి రాలేదు.

మర్నాడే విచారణ.

"నాంచారమ్మగారూ, తేనె ఎంత?" అన్నాడు కోదండం.

"ఒక గోవిందంత."

"అంటే?"

"గోవిందా అంటూ పోయడం, అనడం అయిపోయాక ఆపడం."

"ఎవరి గోవింద? నేను చెట్టు మీంచి జారుతూ అనే గోవింద వేరు. మీరు తీరుబడిగా అనే గోవింద వేరు. ప్రమాణం కావాలి!"

మండలి చర్చించింది. గోవింద అన్న మాటను అధికారికంగా పలకగల ఉద్యోగి మునిరత్నమే అని తేల్చింది.

"అనవయ్యా," అన్నాడు ఎర్రప్ప.

మునిరత్నం మెడ బయటికి పెట్టాడు. "గో..." అన్నాడు. ఒక ఉడుత మద్దిచెట్టు ఎక్కడం మొదలుపెట్టింది. "విం..." అన్నాడు. ఉడుత చిటారు కొమ్మన కూర్చుని కాయ కొరికి, బాగాలేదని పారేసింది. "దా" అనేసరికి ఉడుత కిందికి దిగి ఇంటికి పోయింది.

"ఒక అధికారిక గోవింద!" అన్నాడు కోదండం. "రాసుకో."

"రాసుకోవాలంటే ఇంకో రెండు గోవిందలు పడుతుంది సార్," అన్నాడు మునిరత్నం.

"ఈ లెక్కన తేనె పోస్తే అడవిలో తేనెపట్టు మిగలదు," అంది పెంచలమ్మ. ఆమె మాట రికార్డుకెక్కలేదు.

"మరి రుచి చూసేవాళ్లు ఎంతసేపు తాగాలి?" అని అడిగాడు ఎర్రప్ప, పెదవులు నాక్కుంటూ. తీపంటే ఆయనకు ప్రాణం. "అదీ మూడు గోవిందలే పెడదాం. మధ్యలో ఆపకూడదు. అన్నిటికీ ఒకటే కొలతైతే పద్ధతిగా ఉంటుంది."

కోదండం ఆలోచించకుండా తల ఊపాడు. ఆ ఊపిన తలే తర్వాత తిరిగింది.

నాంచారమ్మ ఒక కుండెడు పానకం చేసి ఇచ్చింది. పరిశీలనకు ఇరవై ఒక్క రోజులు గడువన్నారు. సరిగ్గా పండుగనాటికి తేలుతుంది. మూతికి మైనం పూసి, కుండను ఆఫీసు బండ మీద నడి ఎండలో పెట్టించాడు కోదండం.

"నీడలో పెట్టు నాయనా," అంది నాంచారమ్మ.

"చాటున పెడితే అనుమానాలొస్తాయి. అందరికీ కనబడాలి. పారదర్శకత!"

ఐదో రోజు నాంచారమ్మ ఆ దారినే పోతూ ఆగిపోయింది. ముక్కు ఎగరేసింది. పునుగుపిల్లుల బంధువర్గంలో తాటిచెట్ల కింద కాపురం పెట్టిన శాఖ ఒకటుంది. ఇంట్లో వాళ్ల పేరు ఎత్తేవారు కాదు. అయినా కల్లు వాసన తెలియని పునుగుపిల్లి ఎక్కడుంటుంది? పైగా కుండలోంచి చిన్నగా గుసగుస వినిపిస్తోంది.

ఆమె ఆఫీసుకెక్కింది. "మునిరత్నం అన్నా, కుండ పులుస్తోంది. దించేసి ఇంకోటి తీసుకోండి."

మునిరత్నం దస్త్రం తెరిచి రాశాడు. "శాంపిల్ ఏదో మాట్లాడుచున్నది. అర్జీ రూపంలో లేనందున జవాబు ఇవ్వలేదు."

కోదండం ఆమెను పక్కకు పిలిచాడు. గొడుగు సర్దుకుని నవ్వాడు. "పులవనీ పెద్దమ్మా. పండుగనాడు తెరుస్తాం. నాలిక కొసన అంటించుకుని, ఛీ పులిసిందని కొట్టేస్తాం. నా సీసా సిద్ధంగానే ఉంది."

నాంచారమ్మ కళ్లు మూసుకుని "గోవిందా" అంది. ఇంకోసారి అంది. గుమ్మం దాటేలోపు మూడోసారి కూడా అంది.

"వదినా, ఊ అను," అంది పెంచలమ్మ ఆ సాయంత్రం, వీపు మీద ముల్లొకటి పీకి చూపిస్తూ. "ఒక్క పోటు పొడుస్తా. కుండ కారిపోతుంది, పీడా పోతుంది."

"వద్దే. సామి పేరు చెప్పి కలిపిన కుండ. దొంగచాటుగా దాని మీద చెయ్యి వెయ్యను."

"సామి పానకాన్ని వాళ్లు కల్లు చేస్తుంటే పాపం కాదేం?"

"ఆ పాపమేదో వాళ్లే తాగుతారులే," అంది నాంచారమ్మ. మాటకు మాటగా అందంతే. అదే నిజమవుతుందని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

పండుగ వచ్చింది. తెల్లవారకముందే లేచి, తలకు పోసుకుని, నాంచారమ్మ కొత్తగా చిన్న కుండెడు పానకం కలిపింది. ముద్ర వస్తే సామికి. రాకపోతే తులసి మొదట్లో పోసి, అవ్వా క్షమించమని దణ్ణం పెట్టుకోవడమే. మూడు గోవిందలు తిప్పి, ఆకు మూసి, సామి బండ కింద పెట్టి కూర్చుంది.

పొద్దెక్కింది. పంక్తిలో అటుకులు ఉబ్బాయి, రొట్టెలు ఘుమఘుమలాడాయి. ఎవరూ ముట్టలేదు. కడుపులన్నీ కలిసి ఒక మేళం వాయిస్తున్నాయి.

మండలి ఆఫీసు కుండను పంక్తి ముందుకు మోయించింది. కోదండం మైనం మీద గోరు పెట్టాడో లేదో, "ఢాం!" మూత పైకి లేచి, ఎర్రప్ప కొమ్ముకు తగులుకుని గిర్రున తిరిగి, అక్కడే కిరీటంలా నిలబడింది. తెల్లటి నురగ పొంగింది.

కోదండం వేలు ముంచి నాలిక కొసకు అంటించుకున్నాడు. "ఛీ! పులి..."

"సార్," అన్నాడు మునిరత్నం, ఉత్తర్వు చూస్తూ. "మూడు గోవిందలు. మధ్యలో ఆపరాదు. ఆపితే పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లకపోతే శాంపిల్ ఆమోదం పొందినట్టే. కింద మీ సంతకమే ఉంది."

కోదండం సీసా వైపు చూశాడు. కుండ వైపు చూశాడు. ఎర్రప్ప అప్పటికే ఇంకోవైపు నుంచి మూతి పెట్టేశాడు. చేసేదిలేక కోదండమూ దొప్పతో ముంచాడు.

"గో..." అన్నాడు మునిరత్నం.

మొదటి గోవింద అయ్యేసరికి ఎర్రప్ప తోక దానంతట అది ఆడుతోంది. రెండో గోవింద సగంలో కోదండం ఎవరూ అడక్కుండానే నవ్వడం మొదలుపెట్టాడు. మూడోది అయ్యేసరికి కుండ అడుగు కనబడింది. గొంతెండిపోయిందని మునిరత్నం ఆ అడుగున ఉన్నది కాస్తా చప్పరించేశాడు.

ఆ తర్వాత ఆ అడవి ముందెన్నడూ చూడనిది చూసింది. మునిరత్నం పరిగెత్తాడు! ముద్ర చంకన పెట్టుకుని, చెట్టుచెట్టుకూ తిరిగి, పదహారు మండళ్లలో మూలుగుతున్న అర్జీలన్నిటి మీదా "మంజూరు, మంజూరు" అని గుద్దుకుంటూ పోయాడు. కప్పలు మూడు తరాలుగా అడుగుతున్న మడుగు మంజూరైంది. గబ్బిలాలకు తలకిందులుగా నిద్రపోయే అనుమతి మంజూరైంది. పాపం, ఇన్నాళ్లూ అవి అనుమతి లేకుండానే నిద్రపోతున్నాయి.

"పానకానికి?" అని అరిచింది పెంచలమ్మ.

"మంజూరు! శాశ్వతంగా!" అని మునిరత్నం ముద్ర గుద్దాడు. ఎర్రప్ప కొమ్ము మీద మూతతోనే గంతులేస్తూ వచ్చి సంతకం పెట్టాడు. కోదండం కూడా పెట్టి, నాంచారమ్మ కాళ్ల మీద పడి, "పెద్దమ్మా, నాకు గోడ తప్ప ఇల్లు లేదు," అని ఏడ్చి, వెంటనే నవ్వి, నీలి సీసాను కౌగిలించుకుని గుర్రుపెట్టాడు. పనిలో పనిగా మునిరత్నం వాడి వీపు మీద "తిరస్కరించడమైనది" అని ముద్ర వేశాడు. అది చాలా కాలం పోలేదు.

వెలుగు సామి బండ మీద పడింది. నాంచారమ్మ ఆకు తీసి, తియ్యటి పానకం నైవేద్యం పెట్టింది. కళ్లు మూసుకుంది. మిరియం, తులసి, ఈతబెల్లం వాసనల మధ్య, ఎవరో గుమ్మం దాటి లోపలికొచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది. "ఆలస్యమైందవ్వా, ఆఫీసు పని," అని లోలోపలే చెప్పుకుంది. చెప్పుకోగానే నవ్వొచ్చింది. జన్మలో మొదటిసారి సామి ముందు పకపకా నవ్వేసింది. పంక్తంతా నవ్వింది. అటుకులు చేతుల్లోంచి జారేదాకా నవ్వారు, ఏరుకుని తిన్నారు.

మర్నాడు మండలి తల పట్టుకుని సమావేశమైంది. ఎర్రప్పకు రెండు తలలు పట్టుకున్నట్టుంది. మంజూరైనవి రద్దు చేద్దామంటే సంతకాలన్నీ వాళ్లవే. తాగి పెట్టామంటే పరువు పోతుంది. చివరికి ఆ రుచి నిన్నటి పరీక్షలో శాస్త్రీయంగా రుజువైందని తీర్మానించి, తయారీ విధానం రాయించారు. బెల్లం ఇంత, తేనె ఇంత, మిరియం ఇంత. చివరి వరుసలో ఇలా ఉంది. "పిమ్మట ఆఫీసుకు సమర్పించి, ఇరవై ఒక్క రోజులు నిర్ణయం తీసుకోకుండా ఉంచవలెను."

అప్పటి నుంచి నాంచారమ్మ పండుగకు ఇరవై ఒక్క రోజుల ముందు ఒక కుండ తీసుకెళ్లి, వినయంగా నమస్కరించి, ఆఫీసు బండ మీద నడి ఎండలో పెట్టి వచ్చేది. సామి పేరు చెప్పకుండా కలిపిన కుండ అది. పండుగనాడు తెల్లవారుజామున ఇంకో కుండ కలుపుకునేది, కళ్లు మూసుకుని, మూడు గోవిందలు. దాని జోలికి మళ్లీ ఎవరూ రాలేదు. ఏటా ఆ ఒక్కరోజు మాత్రం అడవిలో అర్జీలన్నీ కదిలేవి.

కాబట్టి బుద్ధిమంతులు తియ్యగా ఉన్నదాన్ని దేవుడికి పెట్టాలి, పులిసినదాన్ని ఆఫీసులో పెట్టాలి.