మనవాళ్ల కారు

పదింటికల్లా షోరూంకి వెళ్లి, కారు కాగితాల మీద సంతకం పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలని ఆ ఉదయం ముగ్గురూ అనుకున్నారు. తల్లి అన్నం వండి మూతపెట్టింది. గ్యాస్ కట్టేసిందో లేదోనని గుమ్మం దాటాక కూడా వెనక్కి వెళ్లి చూసుకుంది. నిజానికి ఆమె గుండె దడ గ్యాస్ గురించి కాదు, తను ఆడిన అబద్ధం గురించి.

కూతురు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగేసరికి బస్సులు ఉండవు. "కారైనా కొనుక్కోవాలి, లేదా ఆసుపత్రి పక్కనే గదైనా తీసుకోవాలి. గది సంగతి నాన్నకి ఇప్పుడే చెప్పకు" అని తల్లితో తేల్చేసింది. గది అన్న మాట వినగానే తల్లికి ఒంటరిగా జ్వరంతో మూలుగుతున్న కూతురు, ఊడిపోయిన గడియ, పక్క వాటాలో మొహం తెలియని మనిషి వరసగా కళ్లముందు కదిలారు. ఏమైనా సరే, కారు కొనాల్సిందే.

అడ్డల్లా తండ్రి. ఆయన కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించేవాడు. ఆ ఫ్యాక్టరీని విదేశీయులు కొన్నారు, కొన్న ఏడాదే తలుపుల సెక్షన్ ఎత్తేశారు. పరాయివాళ్ల కారులో కాలు పెట్టనని, అలాంటి కారు ఇంటిముందు ఉండనివ్వనని ఆయన శపథం చేశాడు. కూతురు ఎంచుకున్న కారు పేరేమో నోరు తిరగనిది. "ఎవరిదే ఆ కంపెనీ?" అని ఆయన అడిగితే, "మనవాళ్లదేనండీ" అని తల్లి అనేసింది. ఈ ముక్క కూతురికి చెప్పడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

షోరూంలో నేల అద్దంలా మెరుస్తోంది. ఇక్కడ జారితే తుంటి ఎముక దక్కదనుకుంటూ తల్లి అడుగులో అడుగు వేసుకుని నడిచింది. కూతురు కౌంటర్ దగ్గరికి వెళ్లింది. తండ్రి ఇంకా బయటే నిలబడి, ఆగి ఉన్న కార్ల తలుపులు తడుముతున్నాడు. ఇదే సందనుకుని తల్లి సేల్స్‌మన్‌ని స్తంభం చాటుకి లాగింది.

"బాబూ, మీ అమ్మగారు బాగున్నారా?"

"బాగానే ఉన్నారండీ. మీకు ఆవిడ తెలుసా?"

"తెలియదులే. ఇప్పుడో పెద్దాయన వచ్చి ఈ కంపెనీ ఎవరిదని అడుగుతాడు. మనవాళ్లదే అని చెప్పాలి."

"మనవాళ్లదేనండీ."

"అదీ! అచ్చం అలాగే."

"కాదండీ, నిజంగానే. పోయిన నెలే విదేశీయుల దగ్గర మనవాళ్లు కొనేశారు."

తల్లి మురిసిపోయింది. ఎంత చక్కగా ఆడుతున్నాడు, రెప్ప కూడా వేయలేదు! "ఆ పోయిన నెల ముక్క కూడా వదలకు నాయనా, నమ్మకంగా ఉంది" అంది.

తండ్రి లోపలికి వచ్చాడు. కారు తలుపు తీసి, వేసి, చెవి ఒగ్గి విన్నాడు. "ఎవరిదయ్యా కంపెనీ?"

సేల్స్‌మన్ ఉన్న నిజమే చెప్పాడు. కానీ పెద్దాయన వెనకనుంచి ఆవిడ కళ్లు ఎగరేస్తూ, భేష్ అన్నట్టు తల ఊపుతుంటే అతనికి తడబాటు వచ్చి చెమటలు పట్టాయి. నిజం చెబుతూ ఇంత దొంగలా కనిపించడం అతనికి ఉద్యోగంలో అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది. "ఎవరన్నారు మనవాళ్లదని? విదేశీ కంపెనీయే నాన్నా. నీకు నచ్చదని తెలుసు, దాచడం ఇష్టం లేదు."

తండ్రి సేల్స్‌మన్ కాలర్ వైపు చూశాడు. అతని ఉద్యోగం ఊడిపోయి, వాళ్లమ్మ శాపనార్థాలు పెడుతున్నట్టు తల్లికి కళ్లకు కట్టింది. "అతన్నేం అనకండి! నేనే అలా చెప్పమన్నాను!" అని బావురుమంది.

"అమ్మా, నేను చెప్పింది నిజమండీ!" అన్నాడు సేల్స్‌మన్.

"ఇంక చాల్లే నాయనా, తెలిసిపోయింది."

"నేను చదివినప్పుడు విదేశీయులదే" అంది కూతురు, కాస్త తగ్గి.

సేల్స్‌మన్ పరుగున వెళ్లి గోడమీది ఫోటో చూపించాడు. కొత్త యజమాని, పాత యజమాని చేతులు కలిపి నవ్వుతున్నారు. తండ్రి కళ్లజోడు సర్దుకుని, కొత్త యజమాని మొహం మీద వేలు పెట్టాడు.

"ఇతనా! మా ఫ్యాక్టరీని విదేశీయులకి అమ్మి చేతులు దులుపుకున్న పెద్దమనిషి ఇతనే! మమ్మల్ని అమ్మిన డబ్బుతో దీన్ని కొన్నాడా?"

"అయితే మనవాడే కదా నాన్నా?"

"మనవాడే. అందుకే వద్దు."

"పోనీ మీ పాత కంపెనీ కారు కొననా?"

"అది పరాయివాళ్లది. ఛీ."

"మరి ఎవరిది కొనను?"

తండ్రి వెళ్లి కారు తలుపు మళ్లీ తీసి, వేశాడు. కూతురు సంచి భుజాన వేసుకుంది. అది చూసి తల్లికి ఊడిపోయిన గడియ మళ్లీ కనిపించింది. చటుక్కున కారు వెనక సీటులోకి ఎక్కి, తలుపు వేసుకుంది. "కారు కొనేదాకా నేను దిగను!"

"దిగవే, నలుగురూ చూస్తున్నారు!" తండ్రి అవతలి తలుపు తీసి, ఆమె చెయ్యి అందక, ఇంకాస్త వంగి, చివరికి సీటులో కూలబడ్డాడు. తలుపు దానంతటదే మెత్తగా మూసుకుంది. పిడి లాగాడు. రాలేదు. ఆవైపుది లాగాడు. రాలేదు.

"పిల్లల లాక్ వేసి పెట్టారు వెధవలు, ఇంక లోపల్నుంచి తెరుచుకోవు!" అన్నాడు, ఉద్యోగమంతా తలుపులకే అంకితం చేసిన మనిషి. ముందు సీట్లోకి దూకుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. అద్దం మీద దబదబా బాదాడు. బయట కూతురు చూసింది. వస్తున్నానన్నట్టు చెయ్యి ఊపి, కౌంటర్ వైపు నడిచింది.

"లోపల గాలి ఆడుతుందంటారా?" అని తల్లి వణికింది.

"ముందు ఇది చెప్పు. ఈ కారు కోసం ఎందుకింత రభస చేశావు?"

"కొనకపోతే అది ఆసుపత్రి పక్కన గది తీసుకుని వెళ్లిపోతుందటండీ."

అద్దం మీద చెయ్యి ఆగింది. తలుపు అంచు రబ్బరుని వేలితో నొక్కి చూశాడు. "బిగింపు బాగానే ఉంది" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "సంతకం అయిందేమో చూడు."

ఇప్పుడు ఆయన రోజూ కూతురితో ఆ కారులోనే తిరుగుతున్నాడు. శపథం ఏమైందని అడిగినవాళ్లకి, తాను ఎక్కలేదనీ, లోపల పెట్టి తలుపు వేశారనీ చెబుతాడు.

కంపెనీ మనదో పరాయిదో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు, వెనక తలుపులు మాత్రం బయటినుంచే తెరుచుకుంటాయి.