బాగుంది అన్నందుకు

యానిమేషన్ శిక్షణాలయంలో ఇకమీదట బొమ్మలు గీయడం ఐచ్ఛికమని ప్రిన్సిపాల్ గారు ప్రకటించగానే సిబ్బంది అంతా లేచి చప్పట్లు కొట్టారు. బొమ్మల టీచరూ కొట్టింది. అందరూ కొడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం బాగుండదు కదా.

పాఠాలను పరిశ్రమతో అనుసంధానించే మహత్కార్యంలో ఇది తొలి మెట్టు. సలహాకు పిలిపించిన స్టూడియో మేనేజరు బిస్కెట్లు తింటూ ఉన్నమాట చెప్పాడు: "గీసేవాళ్లు మాకు బోలెడుమంది. మార్చమంటే మొహం మాడ్చుకోకుండా మార్చేవాళ్లే దొరకడం లేదు." ప్రిన్సిపాల్ గారికి అది వేదవాక్కయింది. కొత్త పాఠాలు సిద్ధమయ్యాయి: మొదట కదలకుండా కూర్చోవడం, తర్వాత "సరే సార్" అనడం, ప్రాక్టికల్స్‌తో సహా. ఆపైన అంతా మార్పులూ చేర్పులే.

బొమ్మల టీచరును తీసేయలేదు. సంస్థ అంత నిర్దయ కాదు. ఆమెను క్లయింటుగా, అంటే డబ్బిచ్చి బొమ్మలు చేయించుకునే ఆసామి వేషానికి, నియమించారు. విద్యార్థి ఏది తెచ్చినా "ఇంకా ఏదో తక్కువైంది" అనడం ఆమె విధి. ఏం తక్కువైందో మాత్రం చెప్పకూడదు. చెబితే అది బోధన కిందికి వస్తుంది. మొదట్లో ఆమెకు నోరు పెగల్లేదు. ఇంట్లో మొగుడి వంట మీద సాధన చేసింది. త్వరలోనే ఆరితేరింది, మొగుడు వంట మానేశాడు.

అంతటి క్లయింటు ముందుకు, ఉడుత అని తోటివాళ్లు పిలిచే ఒక అమ్మాయి తన పని తెచ్చింది. తెర మీద ఒక ముసలమ్మ కుర్చీలోంచి లేవబోయింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి సగం లేచి, మళ్లీ కూలబడింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. ఈసారి కింద ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తూ లేచింది.

టీచరు నోరు జారింది. "బాగుంది."

ఉడుత మొహం పాలిపోయింది. "అంటే ఏం మార్చాలి మేడమ్?"

"ఏమీ వద్దమ్మా. ఇక ముట్టుకోకు."

"పోనీ, కుర్చీ రంగైనా మార్చనా?"

"వద్దన్నాను కదా తల్లీ."

తన చదువు అన్యాయమైపోతోందని ఆ పిల్ల తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి మొరపెట్టుకుంది. విచారణ జరిగింది.

"నిజంగానే బాగుందండీ," అంది టీచరు.

"అది మీ అభిప్రాయం. క్లయింటుకు అభిప్రాయాలుండవమ్మా, మార్పులే ఉంటాయి," అని ప్రిన్సిపాల్ గారు ఎంతో మర్యాదగా ఆమెను ఇంటికి పంపారు.

ఉద్యోగాల ఎంపిక రోజున మేనేజరు ముసలమ్మను చూసి, "దీనిచేత గంతులు వేయించు," అన్నాడు.

"ఎందుకు సార్?" అంది ఉడుత.

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. అడిగిన పిల్లే అందరికంటే ఎక్కువ బెదిరిపోయింది. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా? మర్నాడు వాళ్లమ్మ వచ్చి ప్రిన్సిపాల్‌ను కడిగేసింది. "ఎందుకు అనే మాట మా ఇంటా వంటా లేదండీ. పిల్లకు ఇక్కడే అంటించారు."

ఉడుత ఇప్పుడు ఇంటర్వ్యూలకని ఇంట్లో చెప్పి టీచరు ఇంటికి పోతోంది. తెర మీది ముసలమ్మ గుమ్మం దాకా నడిచింది. టీచరు మొగుడు మళ్లీ పొయ్యి వెలిగించాడు.

శిక్షణాలయం మాత్రం గుణపాఠం నేర్చుకుంది. అనర్థమంతా బొమ్మలతోనే వచ్చిందని తేల్చి, కంప్యూటర్లు అమ్మేసి, కూర్చోవడం, ఒప్పుకోవడం మాత్రమే నేర్పుతోంది. ఇంకా మాటలు సరిగా రాని పిల్లలను చంకనేసుకుని తల్లిదండ్రులు గేటు దగ్గర బారులు తీరుతున్నారు. సిఫారసు లేనిదే సీటు దొరకడం లేదు. మీ పిల్లల సీటుకు మీరు ఎవరిచేత చెప్పించారో మేం అడగడం లేదు.