డానాంగ్ బజార్లో రాజుగారి మెచ్చుకోలు

వియత్నాం వచ్చిన మూడో రోజు ఉదయం హోటల్లో టిఫిను తింటూనే నీలవేణి ఆనాటి కార్యక్రమం తేల్చేసింది. ఎనిమిదింటికి బజారు, పదింటికి పాలరాతి కొండలు, సాయంత్రం డ్రాగన్ వంతెన. ఈ మూడింటి మధ్యలో ఎక్కడా రొయ్య అన్న మాట వినపడకూడదు.

"ఏమండీ, నిన్న పడవ షికారులో కూడా నీళ్ళలో ఉప్పెంతుందో అని నాలిక మీద వేసుకుని చూశారు. ఇవాళైనా అందరిలా నాలుగు చూసి, నాలుగు కొనుక్కుని వద్దామండి."

"ఆయ్, అలాగే. నోరు తెరిస్తే అప్పుడు అడుగు," అన్నారు ఆంజనేయరాజుగారు.

రాజుగారికి భీమవరం దగ్గర నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. ఆ ఏడాది మేత ఎక్కువగా కొన్న ఆరు జంటలను డీలరు ఈ నాలుగు రోజుల టూరుకు పంపించాడు. వెంట ఉండి చూసుకోవడానికి తన మనిషి కార్తీక్‌ని ఇచ్చాడు. తప్పిపోకుండా అందరి మెళ్ళోనూ గుండ్రటి ముద్ర ఉన్న కార్డులు వేయించాడు. రాజుగారికి మాత్రం ఊళ్ళు చూడాలన్న సరదా పెద్దగా లేదు. భీమవరం రొయ్యకు సాటి వచ్చే రొయ్య భూమ్మీద లేదని కళ్ళారా చూసుకుని వెళ్ళాలని ఆయన కోరిక. మిగతా అయిదుగురు రైతులదీ అదే మాట.

బజార్లో ఆడవాళ్ళు పట్టు స్కార్ఫుల వైపు తిరిగారు. రాజుగారు చెప్పుల కొట్లు దాటి, ముక్కు ఎటు లాగితే అటు నడిచి చేపల వరుసలో తేలారు, వెనకాలే కార్తీక్. అక్కడ లాన్ అనే ఆవిడ ముందు వెడల్పాటి తొట్లు, వాటిలోకి గాలి గొట్టాలు, లోపల బతికున్న రొయ్యలు. రాజుగారి చెయ్యి దానంతటదే నీళ్ళలోకి వెళ్ళింది.

ఒక రొయ్యని పైకి తీసి వెలుతుర్లో పెట్టి చూశారు. పెంకు గాజులా మెరుస్తోంది. వీపున మేత నిండిన పేగు గీత ఎక్కడా తెగకుండా దారంలా ఉంది. కిలోకి ఇరవై మాత్రమే తూగేంత పెద్ద సైజు. నిరుడు తన చెరువులో కిలోకి ముప్పై తూగితేనే ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు.

"చ్చొ చ్చొ చ్చొ..." అంటూ రాజుగారు తల అడ్డంగా ఊపారు. అది మామూలు మెచ్చుకోలు కాదు. ఇంత మంచి సరుకు మనది కాకపోయిందే అన్న ఉక్రోషం కలిసిన మెచ్చుకోలు. లాన్‌కి అదేం తెలుసు? తెల్లచొక్కా, తెల్లపంట్లాం, మెళ్ళో ముద్ర వేసిన కార్డు ఉన్న పెద్దమనిషి తన సరుకు చూసి పెదవి విరిచాడనుకుంది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కార్తీక్, మనమెవరమో ఆవిడకి చెప్పవయ్యా," అన్నారు రాజుగారు.

కార్తీక్ ఫోన్లో అనువాదం చేసే యాప్ తెరిచి ఆయన నోటి దగ్గర పెట్టాడు. "మాది భీమవరం అండి. నేను చెరువులు చూసుకుంటూ ఉంటానండి."

ఫోను వాళ్ళ భాషలో ఏదో పలికింది. లాన్ గబుక్కున లేచి తన స్టూలు ఆయనకు వేసింది. పక్క కొట్టాయన కొబ్బరిబొండం తెచ్చిచ్చాడు. ఎదుటి వరుసవాళ్ళు చేపల మీద బకెట్లకొద్దీ ఐసు గుమ్మరించారు.

"చూశావా, భీమవరం పేరు ఇక్కడిదాకా వచ్చేసింది," అన్నారు రాజుగారు స్ట్రా నోట్లో పెట్టుకుంటూ.

అంతలో మిగతా అయిదుగురూ వచ్చారు. స్టూలు మీద రాజుగారు, చేతిలో బొండం. చూసి ఊరుకోగలరా? తలా ఒక కొట్టుకి వెళ్ళి, చేతికందిన చేపనో పీతనో పైకెత్తి, చ్చొ చ్చొ అంటూ తలలు ఊపారు. ఆరు కార్డులు, ఆరు తలకాయలు. వరుసంతా గగ్గోలైపోయింది. ఎవరో కబురు పెడితే బజారు సూపర్‌వైజరు రిజిస్టరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఒక పేజీలో గబగబా ఏదో రాసి, వంగి, రాజుగారికి పెన్ను అందించాడు.

"పెద్దవాళ్ళు వచ్చినప్పుడు సంతకం తీసుకుంటారు కాబోలు," అని రాజుగారు తెలుగులో పొడుగ్గా సంతకం చేసి, కింద 'భీమవరం' అని కూడా రాశారు.

మరుక్షణం సూపర్‌వైజరు లాన్ కొట్టుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి, గాలి గొట్టాలు పీకడం మొదలెట్టాడు. లాన్ నెత్తి పట్టుకుని ఏడుస్తోంది. కార్తీక్ ఆ పేజీకి ఫోను చూపించి, చదివి, బిక్కచచ్చిపోయాడు.

"రాజుగారూ, కొంప మునిగిందండి. ఫోను మిమ్మల్ని చెరువుల ఇన్‌స్పెక్టరు అని చెప్పిందండి. సరుకు పనికిరాదు, కొట్టు మూసేయండి అని రాసుంటే మీరు సంతకం పెట్టారండి!"

రాజుగారు ఒక్క ఉదుటున లేచారు. "అది తర్వాత! గాలి తీసేస్తే చచ్చిపోతాయయ్యా, ముందు గాలి పెట్టండి!" అంటూ గొట్టాలు లాక్కుని తనే తొట్లలో దోపారు. సరిగ్గా అప్పుడే నీలవేణి సంచులతో వచ్చింది. సంగతి విన్నది.

"మీరు తలూపింది ఎందుకో మీకు తెలుసుగా. అదేదో ఆవిడకి చెప్పేయండి."

రాజుగారు మిగతా అయిదుగురి వంకా చూశారు. వాళ్ళూ ఆయన వంకే చూస్తున్నారు. చేసేది లేక ఫోను మూతికి ఆనించుకుని గొణిగారు. "మీ రొయ్య మా రొయ్య కంటే బాగుందండి."

'వినపడలేదు, మళ్ళీ చెప్పండి,' అంది ఫోను.

కాస్త పైకి అన్నారు. ఫోను మళ్ళీ అదే మాట. లాన్ వెక్కిళ్ళు పెడుతోంది. రాజుగారు కళ్ళు మూసుకుని, చెరువు గట్టున అవతలి వాణ్ణి కేకేసినట్టు అరిచారు. "మీ రొయ్య! మా భీమవరం రొయ్య కంటే! బాగుందండీ!"

వరుసంతా ఇటు తిరిగి చూసింది. ఈసారి ఫోను ఆ మాటని తాపీగా వాళ్ళ భాషలో చెప్పింది. ముందు లాన్ నవ్వింది, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు కాగితం చింపేశాడు. చిత్రం, రాజుగారికి చిన్నతనంగా అనిపించలేదు. మంచి సరుకు చూసి మంచిదని చెప్పగలిగిన రైతు ఆ బజారంతటికీ తనొక్కడే అనిపించి ఛాతీ పొంగింది. నీలవేణి కూడా ఆయన చొక్కా మీద పడ్డ నీళ్ళు కొంగుతో తుడిచింది, జనం చూస్తున్నా.

ఇన్‌స్పెక్టరు కాదని తేలాక సూపర్‌వైజరు స్టూలు తీసి పక్కన పెట్టేశాడు. లాన్ ఆ తొట్టిలోని రొయ్యలన్నీ తూచి, సంచిలో వేసి, రెండు చేతులతో రాజుగారికి అందించింది.

"అయ్యో, ఇంత మర్యాద ఎందుకమ్మా!"

"కానుక కాదండి," అన్నాడు కార్తీక్ ఫోను చూస్తూ. "చెయ్యి పెట్టారు కాబట్టి తొట్టి మొత్తం కొనాలంటున్నారండి."

పాలరాతి కొండలు బస్సు కిటికీలోంచే కనపడ్డాయి. మధ్యాహ్నం హోటల్ వంటవాణ్ణి బతిమాలి, వెంట తెచ్చుకున్న కారంతో ఆ రొయ్యలు వేయించారు. "ఎంతైనా మన భీమవరం రొయ్య రుచి దీనికి రాదండి," అని అయిదుగురు రైతులూ ఒక్క గొంతుతో తేల్చారు.

పళ్ళేలు తీయడానికి వచ్చిన హోటలు మనిషికి తోకలు కూడా కనిపించలేదు.