చరిత్రకెక్కిన స్టేషన్

ఈ ఊళ్ళో రేడియోకి ఘనమైన చరిత్ర ఉందనీ, దాన్ని ఇంతవరకూ ఎవరూ రాయకపోవడం జాతికి తీరని లోటనీ, ఆ లోటును మూడు నెలల్లో పూడ్చి తీరతాననీ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించింది ఒక చెప్పుల దుకాణం ప్రారంభోత్సవంలో. రిబ్బను కత్తిరించాక మైకు చేతికిచ్చారు. మైకు చేతికొచ్చాక ఊరుకోవడం మంత్రిగారికి చేతకాదు. ఆయన దగ్గర ప్రసార శాఖ ఉంది, పురావస్తు శాఖ కూడా ఉంది. శాఖలు పంచుకోగా ఆ రెండూ మిగిలిపోయాయని గిట్టనివాళ్ళు అంటారు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే చూపుతో చూడగల దార్శనికుడు కాబట్టే ఇచ్చారని ఆయన ఆఫీసు పంపిన పత్రికా ప్రకటనలో ఉంది. మనం పత్రికా ప్రకటననే నమ్ముదాం.

మర్నాడు పొద్దున ఆ వార్తను రేడియోలో చదివింది టైమక్క. చదువుతూ చదువుతూ ఒక్క క్షణం ఆగింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆవిడ వార్త మధ్యలో ఆగడం అదే మొదటిసారి.

టైమక్కను ఎరగనివాళ్ళు ఊళ్ళో లేరు, ఆవిడ అసలు పేరు ఎరిగినవాళ్ళూ లేరు. "సమయం ఏడు గంటల ముప్ఫై నిమిషాలు" అని ఆవిడ అంటే గడియారాలు సర్దుకునేవి. బళ్ళో గంట కొట్టే ప్యూనూ, ఆస్పత్రి నర్సూ, మిల్లు గేటు కాపలాదారూ ఆ గొంతు పట్టుకునే రోజును నడిపించేవారు. చూపు ఆనని ఆవిడ అత్తగారు ఇంట్లో కోడలు చెప్పిన మాట ఏనాడూ విన్న పాపాన పోలేదు గానీ, అదే కోడలు రేడియోలో ఎనిమిదయిందంటే ఠంచనుగా మాత్ర వేసుకునేవారు.

అలాంటి స్టేషన్ను మూసేస్తారని రెండేళ్ళుగా గుసగుస. శ్రోతలు తగ్గారని పై ఆఫీసు నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు. టైమక్కకు అదొక్కటే బెంగ. పెళ్ళి కావలసిన పిల్లో, చదవాల్సిన పిల్లాడో ఉంటే వాళ్ళ గురించి బెంగపడేది. లేరు కాబట్టి ఆ బెంగంతా స్టేషన్ మీదే పెట్టుకుంది.

"బాబాయ్, గట్టెక్కాం!" అంది వార్తలు కాగానే స్టేషన్ ఇంజనీరుతో. ఆయన్ని అందరూ ఫ్యూజు బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్ళ నాటి ట్రాన్స్‌మీటరును బతిమాలుకుని, బెదిరించుకుని నడిపిస్తున్న మనిషి. "చరిత్ర ఉన్నదాన్ని ఎవరు మూస్తారు?"

"చరిత్ర ఉన్నవాటినే మూస్తారమ్మా," అన్నాడు ఫ్యూజు బాబాయి, స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి. "లేనివాటిలో మూయడానికేముంది?"

వారంలో చరిత్ర రచనకు స్పెషల్ ఆఫీసరు వచ్చారు. అంతకుముందు ఆయన చేపల శాఖలో ఉండేవారు. అక్కడ ఆయన చేపట్టిన పథకాలేవీ ఇంకా పైకి తేలలేదు. చరిత్ర అంటే తనకు ప్రాణమనీ, అందుకే దాన్ని రాసే అవకాశం కిందివాళ్ళకు వదిలేస్తున్నాననీ చెప్పి ఆయన ఆ పనిని టైమక్క నెత్తిన పెట్టారు.

ఆవిడ మాత్రం ఒళ్ళు వంచి రాసింది. సెలవులు పెట్టి ఇల్లిల్లూ తిరిగింది. అటకల మీది పెట్టెలు దింపించి, పాత ఉత్తరాలు దులిపించి, మంచం పట్టిన ముసలాళ్ళ చేత మాట్లాడించింది. రెండు నెలల్లో మూడు అధ్యాయాలు తేలాయి.

మొదటిది నీళ్ళ రేడియో. మున్సిపాలిటీ మేడ మీది గదిలో, ఏ వీధికి ఎప్పుడు కుళాయి వదులుతారో చెప్పడానికి పెట్టింది. నీళ్ళట్యాంకు పగుళ్ళిచ్చి సరఫరా ఆగిపోయాక కూడా, ఆపమని ఉత్తర్వు రాలేదని మూడేళ్ళపాటు వేళలు చెబుతూనే ఉన్నారట. జనం కూడా బిందెలు పెడుతూనే ఉన్నారట. రెండోది బ్యాటరీ రేడియో. ఒక బ్యాటరీల వ్యాపారి తన సరుకు అమ్ముకోవడానికి పెట్టాడు. వినేవాళ్ళ బ్యాటరీలు తొందరగా అయిపోవాలని ఆయన నాటకాలను బాగా సాగదీయించేవాడు. ఒక నాటకంలో కథానాయకుడు తలుపు తీయడానికి తొమ్మిది వారాలు పట్టింది. కరెంటుతో నడిచే రేడియోలు రాగానే కథానాయకుడు లోపల ఉండగానే స్టేషన్ మూతపడింది. మూడోది ఇప్పుడు నడుస్తున్నది, మన టైమక్కది.

స్పెషల్ ఆఫీసరు రాతప్రతిని మూడుసార్లు తిరగేశారు. "బ్రహ్మాండంగా ఉందమ్మా. మంత్రిగారి నాన్నగారు ఎక్కడున్నారు?"

"ఆయనకీ రేడియోకీ సంబంధం లేదండి."

"సంబంధం లేకుండా ఎలా ఉంటుంది? మంత్రిగారికి ఉందిగా!"

టైమక్క తలగోక్కుంది. "నీళ్ళ రేడియోకి ఆయన ఒక ఉత్తరం రాశారండి. తప్పు టైము చెప్పి మా వీధిని ఎండగట్టారు, మీరు మనుషులేనా అని."

"చూశావా! తొలినాళ్ళలోనే నిర్మాణాత్మక విమర్శతో రేడియోకి దిశానిర్దేశం చేసిన మహనీయుడు. ఆయనకి ఒక అధ్యాయం. మంత్రిగారి ఫొటో ఎక్కడ?"

"మూడో అధ్యాయంలో పెట్టానండి. పోయినేడు మా స్టేషన్ చూడ్డానికి వచ్చినప్పటిది."

"పూర్తి పేజీ చెయ్యి. పూర్తి పేజీ కాదు, రెండు పేజీలు. మధ్యలో కుట్టు ముఖం మీద పడకుండా చూడు."

అలా చరిత్ర పూర్తయింది. అచ్చుకు పంపేముందు ఫైలు పై ఆఫీసుకు వెళ్ళింది. వెళ్ళిన నాలుగోనాడు వెనక్కొచ్చింది. పైన ఎర్రసిరాతో ఒక ప్రశ్న: మూడో అధ్యాయం ఏ విభాగం కిందకు వస్తుంది?

టైమక్కకు ప్రశ్న అర్థం కాలేదు. స్పెషల్ ఆఫీసరు చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పారు.

"చూడమ్మా. నడుస్తున్న స్టేషన్ ప్రసార విభాగానిది. ఆగిపోయిన స్టేషన్ చరిత్ర విభాగానిది. ఈ పుస్తకం చరిత్ర విభాగం అచ్చువేస్తోంది. నీళ్ళ రేడియో ఆగిపోయింది, చరిత్ర. బ్యాటరీ రేడియో ఆగిపోయింది, చరిత్ర. మీది ఇంకా నడుస్తోంది. నడుస్తున్నదానికి చరిత్ర ఎలా ఉంటుంది?"

"అయితే మూడో అధ్యాయం తీసేద్దామండి," అంది టైమక్క. రెండు నెలల కష్టం పోతే పోయింది, స్టేషన్ మిగిలితే చాలనుకుంది.

ఆఫీసరు ముఖం పాలిపోయింది. "అందులో మంత్రిగారి ఫొటో ఉందమ్మా!"

ఆ తర్వాత ఆలోచించడానికేమీ మిగల్లేదు. ఫొటో తీయకూడదు, అధ్యాయం తీయకూడదు, విభాగం మార్చకూడదు. తీయదగినది స్టేషన్ ఒక్కటే. పుస్తకావిష్కరణకు ముందురోజు సాయంత్రం ఐదింటితో ప్రసారాలు శాశ్వతంగా ముగించి, స్టేషన్ను సగౌరవంగా చరిత్రకు అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. కింద మంత్రిగారి సంతకం ఉంది. దేని కింద పెడుతున్నారో చూసి సంతకం చేసే తీరిక ఆయనకు లేదు.

ముందురోజు ఐదింటికి టైమక్క మైకు ముందు కూర్చుని, "సమయం సాయంత్రం ఐదు గంటలు," అంది. ఇంకేదో అనాలని నోరు తెరిచింది. చివరికి మైకు కట్టేసింది. గాజు అద్దానికి అవతల ఫ్యూజు బాబాయి ట్రాన్స్‌మీటరు కట్టేసి, దాని మీద చెయ్యి వేసి వేడి తగ్గేదాకా నిలబడ్డాడు. తన చేత్తో రాసిన పుస్తకమే తన స్టేషన్ను మింగిందని టైమక్క ఆ సాయంత్రం కుమిలి కుమిలి ఏడ్చింది.

పొద్దున ఏడ్చే తీరిక కూడా లేకుండా పోయింది. స్పెషల్ ఆఫీసరు ఆహ్వానపత్రిక ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "మంత్రివర్యుల ప్రసంగం, ఈ స్టేషన్ నుంచి ప్రత్యక్ష ప్రసారం" అని బంగారు అక్షరాల్లో ఉంది.

"స్టేషన్ నిన్ననే మూసేశాం కదండీ," అంది టైమక్క.

"మూసేశాం. అది మంత్రిగారి ఉత్తర్వు."

"మరి ప్రత్యక్ష ప్రసారం?"

"చేస్తున్నాం. అదీ మంత్రిగారి మాటే."

"రెండూ ఎలా కుదురుతాయండీ? ఏదో ఒకటి తప్పయి ఉండాలి."

"ష్!" ఆఫీసరు వెనక్కి తిరిగి చూసుకున్నారు. "మంత్రిగారి విషయంలో ఆ మాట వాడకూడదమ్మా. రెండూ ఒప్పే. బాబాయిగారూ, స్టూడియో తలుపు మీద ప్రసారమప్పుడు వెలిగే ఎర్రబల్బు ఉంటుందే, దాన్ని తిన్నగా గోడ స్విచ్చికి కలపగలరా?"

"కలపొచ్చు," అన్నాడు ఫ్యూజు బాబాయి. "కానీ బల్బు వెలిగినంత మాత్రాన..."

"ఇంకేం అక్కర్లేదు."

పదకొండు గంటలకు మంత్రిగారు వచ్చారు. స్టేషన్ ఆవరణలో షామియానా వేసి, దాని కింద అధికారుల్నీ విలేకరుల్నీ కూర్చోబెట్టి, వాళ్ళ ముందు బల్లమీద ఒక రేడియో పెట్టారు. విలేకరులకు ప్రసంగం ముందే అచ్చువేసి పంచారు. అందులో రేడియో వైభవం తప్ప మరేం లేదు. మంత్రిగారు లోపల స్టూడియోలో కూర్చున్నారు. ఎర్రబల్బు ధగధగా వెలిగింది. దాన్ని చూడగానే ఆయనకు పూనకం వచ్చింది. కాగితం పక్కకు నెట్టేశారు.

నలభై నిమిషాలు మాట్లాడారు. ఊరికి మూడు వందల అడుగుల టవరన్నారు. వీధికో రేడియో అన్నారు. ఏడాది తిరిగేలోగా ఇంటింటికీ కుళాయన్నారు, ఇంటికొక ఉద్యోగమన్నారు. "ఈ క్షణాన లక్షమంది వింటున్నారు. మాట తప్పితే ఆ లక్షమందీ నా గల్లా పట్టుకుని అడగండి!" అని బల్లగుద్దారు. బయట షామియానా కింద రేడియో గరగరమంటోంది. పెద్ద అధికారి ఒకాయన గరగరకు తలూపారు. అది చూసి తక్కినవాళ్ళూ తలూపారు. గరగర కాస్త హెచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టారు.

ప్రసంగం ముగిసింది. బల్బు ఆరింది. మంత్రిగారు చెమట తుడుచుకుంటూ, "ఎలా వినిపించిందయ్యా?" అన్నారు.

"గంట కొట్టినట్టు, సార్," అన్నారు స్పెషల్ ఆఫీసరు.

"నువ్వు చెప్పమ్మా. అనుభవజ్ఞురాలివి."

స్టేషన్ బతకాలంటే ఇదే అదను అనుకుంది టైమక్క. నలభై నిమిషాలు గోడలకు ఉపన్యాసం చెప్పించారని తెలిస్తే ఈయన మండిపడతాడు, మండిపడితే ఇప్పటికిప్పుడు ట్రాన్స్‌మీటరు వెయ్యమంటాడు. పోతే తన ఉద్యోగం పోతుంది. పోనీ.

"ఎవరికీ వినిపించలేదండి. స్టేషన్ నిన్ననే మూసేశారు. అది ఉత్త బల్బు."

మంత్రిగారి ముఖం ఎర్రబడింది. "ఎవరికీనా?"

"ఎవరికీ లేదండి."

"బయటవాళ్ళకి?"

"గరగర వినిపించిందండి."

"టవరు అన్నాను. అదీ?"

"వినలేదండి."

"ఇంటికొక ఉద్యోగం అని నోరు జారాను. గల్లా పట్టుకోమని కూడా అన్నాను."

"ఒక్కరూ వినలేదండి."

మంత్రిగారు ఎర్రబల్బు వైపు చూశారు. మెల్లగా ఆయన ముఖం విప్పారింది. ముప్ఫై ఏళ్ళ రాజకీయ జీవితంలో ఆయన వెతుకుతున్నదేదో దొరికినట్టయింది.

"ఇంత మంచి స్టేషన్ను మూసేసిన దద్దమ్మ ఎవడయ్యా?" అని గర్జించారు.

స్పెషల్ ఆఫీసరు పాత ఉత్తర్వును, కింది సంతకం కనబడకుండా మడిచి, జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నానికల్లా కొత్త ఉత్తర్వు వచ్చింది. స్టేషన్ శాశ్వతంగా కొనసాగుతుంది. ప్రతి ఆదివారం మంత్రిగారు ప్రజలతో మనసు విప్పి మాట్లాడతారు. ఇదే పద్ధతిలో మరో పదకొండు ఊళ్ళలో స్టేషన్లు తెరుస్తారు. నిజం చెప్పిన ధైర్యానికి టైమక్కను వాటన్నిటికీ ముఖ్య శిక్షకురాలిగా నియమించారు. ట్రాన్స్‌మీటరు మాటేమిటని ఆవిడ అడిగితే, పరిశీలిస్తామని రాతపూర్వకంగా జవాబిచ్చారు.

ఫ్యూజు బాబాయి ఆ కాగితం చదివి తన పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. "బల్బు వేయడానికి నేనెందుకమ్మా," అని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. టైమక్కకు ఒళ్ళు మండిపోయింది. మంత్రిగారి మీద కంటే తనమీద తనకే ఎక్కువ. నోరు మూసుకుని ఉంటే స్టేషన్ పరువుగా పోయి ఉండేది. అయినా "పరిశీలిస్తాం" అన్న ఒక్క మాటను పట్టుకుని మర్నాడు కూడా డ్యూటీకి వచ్చింది. ఆ మాటను పట్టుకునే ఈ ఊరు చాలా ఏళ్ళు బతికింది.

నెల తిరిగేసరికి పదకొండు ఊళ్ళ అనౌన్సర్లు శిక్షణకు దిగారు. టైమక్క శాఖ అచ్చువేసిన నియమావళి తెరిచి పాఠం మొదలుపెట్టింది. ముందు బల్బు వెలిగిందో లేదో చూసుకోవాలి. మంత్రిగారు మాట్లాడుతున్నంతసేపూ తలూపాలి. నోట్సు రాయకూడదు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు, ఆఖరిది విని కొట్టేశారు.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. కొత్తగా చేరిన పిల్ల. "మేడమ్, ఎక్కడో వైరు తగిలి, పొరపాటున నిజంగానే జనానికి వినిపించేస్తే ఏం చేయాలండి?"

టైమక్క పేజీ తిప్పింది. దానికీ నియమం ఉంది. ఒకసారి గొంతు సవరించుకుని, ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు కొద్దీ స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చదివింది.

"వెంటనే ఆపేసి, 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని చెప్పాలి."