ఎర్రబడవలసిన సీసాలు

ఆ ఆదివారం దేవసహాయం అనుకున్న పని చాలా చిన్నది. చర్చి కాగానే చిలకలగూడ వెళ్లి, తాను మందులు కలిపే కంపెనీ యజమాని బ్రహ్మచారి గారిని ఇంటికి తీసుకువచ్చి, దాబా మీది ఆరు సీసాలు చూపించాలి. అన్నింటిలోనూ కంపెనీ చేసే కంటి చుక్కలే; కంట్లో వేస్తే మందు, కడుపులోకి పోతే విషం. మూడింటిలో చిటికెడు సల్ఫైటు లవణం కలిపాడు, మూడింటిలో కలపలేదు. మూతలు తీసి, పల్చటి గుడ్డ కట్టి ఎండలో పెట్టాడు. గాలి సోకి లవణం లేనివి ఎర్రబడ్డాయి. ఉన్నవి తేటగా నిలిచాయి. లవణం దండగ అనే యజమానికి అది కళ్లారా చూపించకపోతే, మర్నాడు ఆసుపత్రికి వెళ్లే సరుకంతా లవణం లేకుండానే వెళ్తుంది.

అతను గడప దాటగానే, పక్క దాబా మీద బట్టలారేస్తున్న మాబూబీ అతని భార్యను పిలిచింది.

"ఏందీ ఆలిసక్కా, ఆ ఎర్రనీళ్లు? మిలిటరీవాళ్లు పక్క గల్లీల తలాషీ షురూ చేసిన్రు. బియ్యం డబ్బల సుత చెయ్యి పెడుతున్రు."

"కంటి మందు, మాబూబీ."

"వాళ్లు నమ్మాలె గద. మా మరిదిని అత్తరు సీసకే నిలబెట్టిన్రు."

పోలీసు చర్యతో సైన్యం ఊళ్లోకి దిగి కొద్ది రోజులే అయింది. ఆలిస్ ఎర్ర సీసాలు మూడూ పారబోసి కడిగింది. ఒక్క సీసా తగ్గినా ఊరుకోనని భర్త గట్టిగా చెప్పి ఉన్నాడు కనుక, వాటిలో మంచినీళ్లు నింపి, గుడ్డలు కట్టి, మళ్లీ వరుసలో పెట్టింది. సైనికులు రాలేదు. యజమాని వచ్చాడు.

"ఏదయ్యా ఎరుపు?" అన్నాడు బ్రహ్మచారి.

దేవసహాయం సీసాలు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"నేను చెప్పలే? లవణం ఏసినా గంతే, ఎయ్యకున్నా గంతే. రేపటి సరుకు గిట్లనే పంపు."

"ఆ మూడిట్ల ఉన్నది మంచినీళ్లండీ. మిలిటరీకి బెదిరి ఎర్రమందు పారబోసి నేనే పోసిన," అంది ఆలిస్.

"మొగుని ఇజ్జత్ కాపాడుతున్నవమ్మా, మంచిదే." మిలిటరీ లారీల దుమ్ముకు ఎర్రబడిన కంట్లో ఆయన ఆ మూడింటిలో ఒక సీసాలోంచి రెండు చుక్కలు వేసుకున్నాడు. "చూడు, ఎంత చల్లగుందో. మంట గాయబ్."

ఆలిస్ ఆ సీసానే అందుకుని గటగటా తాగేసింది.

దేవసహాయం ఆమె చేతిలోంచి సీసా లాక్కున్నాడు. ఆరూ తేటగానే ఉన్నాయి; ఆమె తాగింది నీళ్లో, పొరబడి మందో అతనికి తెలియదు. బ్రహ్మచారి పిట్టగోడ మీద చతికిలబడ్డాడు.

"కక్కించయ్యా, జెల్ది కక్కించు. పాయె, నా కంపెనీ పాయె."

ఆలిస్ రెండోది కూడా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మా కుండ నీళ్లు నాకు తెల్వయా? ఇంకొకటున్నది. మీరు తాగి చూడుండ్రి."

ఆయన తాగలేదు. కొంతసేపు ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఆమెకేమీ కాలేదని నమ్మకం కలిగాక లేచాడు.

"లవణం ఎయ్యి దేవసహాయం. ఎంత కావాల్నో అంత ఎయ్యి."

మెట్లు దిగేముందు, కంటికి బాగా పనిచేసిందని, ఆ మూడో సీసా జేబులో వేసుకున్నాడు.