వదినకు ఒంట్లో బాగాలేదు

శనివారం పొద్దున రామిరో వేసుకున్న పథకం చాలా చిన్నది. అక్కను క్యాంపుకు తీసుకెళ్లాలి, కాఫీ కాచి ఇవ్వాలి, ఒక్క మాట చెప్పాలి, తాళంచెవి చేతిలో పెట్టాలి. ఇంత చిన్న పథకానికి అడ్డం పడాలన్నా చోటుండదని అతని ధీమా.

తాళంచెవి అమ్మ పికప్ ట్రక్కుది. దాని నీలం రంగులో సగం టూసాన్ ఊరి ఎడారి ఎండ తినేసింది, మిగతా సగాన్ని తినే పనిలో ఉంది. అమ్మ దాన్ని "వదిన" అని పిలిచేది. ఎత్తు ఎక్కేటప్పుడు "రా వదినా, ఇంకొంచెమే" అని బతిమాలేది. దిగేటప్పుడు "నీ వయసేంటి, నీ పరుగేంటి" అని కసిరేది. కట్టుకున్న మనిషితో ఆమె అంత మాట్లాడిన దాఖలా లేదు.

ఏడాదిన్నర కిందట అమ్మ పోయింది. ఆమెను సాగనంపిన మర్నాడే రామిరో ఆ బండిని తన ఇంటి ముందు పెట్టుకున్నాడు. ఎవరినీ అడగలేదు, అడగాలని తోచలేదు కూడా. అక్క డెల్ఫీనా ఏమీ అనలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ తర్వాత ఆమె ఏమీ అనడమే మానేసింది. పండగలకు వచ్చేది, పిల్లలకు బహుమతులు తెచ్చేది, తమ్ముడు ఏం చెప్పినా "సరే" అనేది. "సరే" అనే మాటతో ఒక మనిషిని ఎన్ని రకాలుగా కోయవచ్చో రామిరోకు ఈ ఏడాదిన్నరలో తెలిసొచ్చింది. బండి ఆమెకు ఇచ్చేసి, ఆ "సరే" లేని అక్కను వెనక్కి తెచ్చుకోవాలని అతని ఆశ.

సామాను సర్దుతూ భార్య ఇర్మాకు ఫోన్ చేశాడు.

"ఇవాళ అక్కడే బండి సంగతి తేల్చేస్తాను. తాళం ఇచ్చేశానంటే గుండె బరువు దిగుతుంది. అక్కకి మాత్రం ముందే తెలియనివ్వకు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే డెల్ఫీనా మంచుపెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపైందక్కా వచ్చి?"

"ఇప్పుడే."

"బయల్దేరదామా?"

"సరే."

ఊరికి పడమటి కొండల కింద ఉన్న ఆ ప్రభుత్వ క్యాంపుకు అమ్మ వాళ్లను ప్రతి ఫిబ్రవరిలోనూ తీసుకొచ్చేది. ఏమీ మారలేదు. అదే ఇనుప పొయ్యి, అదే సిమెంటు బల్ల, చుట్టూ ఈ ఇంటి గొడవలు మాకొద్దు అన్నట్టు చేతులెత్తేసిన నిలువెత్తు సగ్వారో జెముడు చెట్లు. వాటి మధ్య ఎండకు మెత్తటి బొచ్చులా మెరిసే చోయా పొదలు. ఆ మెత్తదనాన్ని నమ్మి ముట్టుకున్నవాళ్లు జీవితంలో ఇంక దేన్నీ నమ్మరు. పక్కనుంచి నడిస్తే చాలు, ఒక ముళ్లకాయ ఊడి ఒంటికి పట్టుకుంటుంది. చేత్తో లాగితే చేతికి పట్టుకుంటుంది. అందుకే వాటిని పీకడానికి బండిలో అమ్మ దువ్వెన ఒకటి ఎప్పుడూ ఉండేది. అది పుట్టాక ఒక్క జుట్టూ దువ్వి ఎరగదు.

బండి ఆగీ ఆగకముందే పక్క చోటు నుంచి ట్రూడీ అనే పెద్దావిడ వచ్చింది. ఏళ్ల తరబడి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు లారీలు తోలి, ఇప్పుడు చలికాలమంతా ఇక్కడ ట్రైలర్ పెట్టుకుని ఉంటుంది. ట్రక్కు చుట్టూ పెళ్లికూతుర్ని చూసినట్టు తిరిగింది.

"ఇలాంటి బండి ఇప్పుడెక్కడ దొరుకుతుంది తమ్ముడూ. అమ్ముతావా?"

రామిరోకు లోపల దాచుకున్న రహస్యం చక్కిలిగింతలు పెట్టింది. "చేతులైతే ఇవాళే మారుతుందండీ," అన్నాడు, అక్క వైపు చూడకుండా నవ్వి.

అక్క వైపు చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

డెల్ఫీనా నీళ్ల క్యాను తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్లింది. అవి అరపూట పట్టే నీళ్లు కావు, అయినా చాలాసేపు తిరిగి రాలేదు. ఈలోపు పొద్దు వాలింది. రామిరో పొయ్యి రాజేసి, బానెట్ ఎత్తి కర్ర ఆనించాడు. ఆ ఎడారిలో అది అందరికీ అలవాటే. ఇంజన్ వెచ్చగా చీకటిగా ఉంటే అడవి ఎలుకలు దూరి కాపురం పెట్టి, వైర్లన్నీ కొరికి తింటాయి. తెరిచి ఉంచితే రావు. ఆ ఎలుకలు ఉత్త దొంగలు కూడా కావు. మెరిసేది ఏదైనా తీసుకుంటే, బదులుగా మోసుకొస్తున్నది అక్కడ పెట్టి పోతాయి. ఓసారి అమ్మ చెవిపోగు తీసుకుని చోయా ముళ్లకాయ ఇచ్చాయి. ఆ బేరం అమ్మకు చచ్చేదాకా నచ్చలేదు.

అక్క వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. రామిరో కాఫీ పోసి, జేబులో తాళంచెవిని ఒకసారి తడుముకున్నాడు.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

"ఏ మాటైనా రేపు చెప్పొచ్చుగా," అంది డెల్ఫీనా గబగబా.

"లేదక్కా, ఇప్పుడే..."

"జరుగు తమ్ముడూ జరుగు," అంటూ ట్రూడీ వచ్చింది. రెండు చేతుల్లో బ్యాటరీ తీగలు, పట్టిన పాముల్లా.

"ఏమైందండీ?"

"నన్నడుగుతావేంటి? బానెట్ ఎత్తింది నువ్వు."

"అది ఎలుకల కోసమండీ."

ట్రూడీ అతని భుజం తట్టింది. "తెలుసు నాయనా, ఎలుకల కోసమే," అంది, జ్వరంలో కలవరించే పిల్లాడితో మాట్లాడినట్టు.

వెనకే క్యాంపు బాగోగులు చూసే గుండర్సన్ గారు వచ్చారు. ఆయన మిన్నెసోటాలో పళ్ల డాక్టరు. ఉద్యోగ విరమణ తర్వాత చలికి పారిపోయి వచ్చి, ఇక్కడ జీతం లేకుండా ఆకుపచ్చ చొక్కా వేసుకుని పెత్తనం చేస్తున్నారు. చేతిలో చిన్న లైటు, నోటి దగ్గర ముసుగు లేదు గానీ ఉన్నట్టే ఉన్నారు.

"ఎప్పట్నుంచి బాధ?" అన్నారు ఇంజన్ లోకి వంగి.

"ఏ బాధా లేదు డాక్టరుగారూ. ఇది ఎలుకల..."

"మీ అక్కగారు చెప్పార్లెండి, మీరలాగే అంటారని. దానికి సిగ్గుపడక్కర్లేదు."

రామిరో అక్క వైపు చూశాడు. డెల్ఫీనా ఒక సగ్వారోను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

ఇక మాటలతో లాభం లేదని రామిరో బండెక్కి తాళం తిప్పాడు. వదిన ఒక్క దగ్గు దగ్గి మొదటి తిప్పుకే లేచింది.

"చూశారా?"

"విన్నాం," అంది ట్రూడీ బరువుగా. "ఆ దగ్గు విన్నాం."

"అది పుట్టుకతో వచ్చిన దగ్గండీ. బండి బ్రహ్మాండంగా ఉంది."

"పంటి నొప్పి కూడా అంతే," అన్నారు గుండర్సన్ గారు. "ఇంట్లో ఉన్నంతసేపు ప్రాణం తీస్తుంది, నా కుర్చీలో కూర్చోగానే మాయమవుతుంది. ఎంతమందిని చూళ్లేదు. ఆపండి బండి."

ఎడారిలో ఆగిపోయిన బండిని చూసీ దాటిపోయినవాణ్ని మనిషిగా లెక్కెయ్యరు. ఆ క్యాంపులో అందరూ మనుషులే కావడం రామిరో దురదృష్టం. కబురు గుడారం నుంచి గుడారానికి పాకింది, పాకే కొద్దీ జబ్బు ముదిరింది. కుళాయి దగ్గర ఊరికే పోయిన ఇంజన్, మరుగుదొడ్ల దగ్గరకు వచ్చేసరికి పగిలిపోయింది. గేటు దగ్గర అయితే ఇద్దరికి గాయాలయ్యాయి. గుండర్సన్ గారి భార్య మార్లిస్ చీజ్ వేసి కాల్చిన బంగాళదుంపల గిన్నె పట్టుకొచ్చింది. ఆవిడ ఊళ్లో ఆ గిన్నె వచ్చిందంటే ఇంట్లో ఎవరో పోయినట్టు లెక్క. రామిరో చేతిలో గిన్నె పెట్టి, "ధైర్యంగా ఉండు బాబూ," అంది.

గిన్నె పట్టుకునే రామిరో మళ్లీ అక్క దగ్గరకు వెళ్లాడు. "అక్కా, అలా నడుచుకుంటూ వెళ్దామా? ఒక్క మాట..."

"వేడిగా ఉన్నప్పుడే తినాలటరా అది," అంది డెల్ఫీనా.

ఏడాదిన్నర తర్వాత ఆమె నోటి నుంచి "రా" అని చనువుగా వచ్చిన మొదటి వాక్యం అది. రామిరో సంతోషించాలో లేదో తేల్చుకునేలోపు వెనక నుంచి కిర్రుమని చప్పుడైంది. తిరిగి చూస్తే గుండర్సన్ గారి చేతిలో స్పార్క్ ప్లగ్గు ఉంది.

"అయ్యో, పీకొద్దండీ."

"నొప్పేం ఉండదు," అన్నారాయన అలవాటు ప్రకారం. దాన్ని బల్ల మీద పరిచిన తెల్ల కాగితపు రుమాలు మీద పెట్టి రెండోదానికి వంగారు. ఆరూ తీసి వరసగా పేర్చాక ఆయన ముఖంలో పాత రోజుల వెలుగు కనిపించింది.

"ఇంక వద్దు బాబోయ్," అంటూ రామిరో చేతులడ్డం పెట్టి వెనక్కి నడిచాడు. వెనక చోయా ఉంది. చోయా ఎప్పుడూ అక్కడే ఉంది, దాని తప్పేం లేదు.

అతను పెట్టిన కేకకు వచ్చినవాళ్లందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. డెల్ఫీనా మాత్రం ముందుకొచ్చింది. బండి తలుపు తీసి, చూడకుండానే సొరుగులోంచి దువ్వెన తీసింది.

"వంగు," అంది.

"ఇంతమందిలోనా?"

"ముళ్లతో కూర్చుంటావా మరి? చిన్నప్పుడూ ఇంతే, ఇదే పొద, ఇదే చోట. బుద్ధి రాలేదురా నీకు."

రామిరో బండి రెక్క పట్టుకుని వంగాడు. జనం మర్యాదగా సగ్వారోల వైపు తిరిగారు, చెవులు మాత్రం ఇటే ఉంచారు. దువ్వెన పళ్లు ముళ్లకాయ కిందికి దూరాయి. ముఖం ముఖం చూసుకుంటే ఏడాదిన్నరగా రాని మాట, నీలం రేకు వైపు చూస్తూ ఉంటే దానంతటదే వచ్చింది.

"అక్కా, బండి నీది. అమ్మను సాగనంపిన మర్నాడు నిన్నడక్కుండా తీసుకుపోయాను. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంది, దీంట్లో కూర్చుంటే అమ్మ మాటలు వినిపిస్తాయనిపించింది. నీకూ అలాగే అనిపిస్తుందని తోచలేదు. తాళం ఇద్దామనే తీసుకొచ్చాను. కుడి జేబులో ఉంది."

దువ్వెన ఆగిపోయింది.

"కదలకు," అంది డెల్ఫీనా.

"పొద్దున ఫోన్లో అన్నది..."

"ఇర్మాతో, నీకు ఇవ్వడం గురించే."

"చేతులు మారుతుందన్నది?"

"నీ చేతులే అక్కా."

డెల్ఫీనా బండి మీద నుదురు ఆనించింది. "నువ్వు ఆ లారీ ఆవిడకి అమ్మేస్తున్నావనుకున్నాను. ఇంజన్ పోయిందని చెప్తే కొనదులే అని కుళాయి దగ్గర చెప్పొచ్చాను. వీళ్లు ఇంత మంచోళ్లని నాకేం తెలుసురా."

"నేను ఎలుకల కోసమంటానని కూడా నువ్వే చెప్పావా?"

"నిన్ను పెంచింది నేను. ఏమంటావో నాకు తెలీదా?"

ముందు నవ్వింది ఎవరో చెప్పడం కష్టం. వంగి ఉన్నవాడు నవ్వితే ముళ్లు ఇంకా లోపలికి దిగుతాయి కాబట్టి రామిరో నవ్వులో సగం ఏడుపు కలిసింది. డెల్ఫీనా నవ్వులో అది ఎందుకు కలిసిందో ఎవరూ అడగలేదు. ట్రూడీ బ్యాటరీ తీగలతోనే కళ్లు తుడుచుకోబోయి ఆగింది.

గుండర్సన్ గారు మాత్రం బల్ల మీది ఆరు ప్లగ్గుల వైపు చూస్తూ నిలబడ్డారు. "అంటే రోగి బాగానే ఉన్నట్టా?"

"నా బండి మీరు తాకకముందు బాగానే ఉంది డాక్టరుగారూ," అంది డెల్ఫీనా. నా బండి అనే మాట దగ్గర కొంచెం నెమ్మదించింది.

"పొద్దున్నే పెట్టేస్తాను. వెలుతురు సరిగా లేకుండా నేనెవరికీ పన్ను పెట్టలేదు, అది నా నియమం."

ఆ రాత్రి అక్కాతమ్ముళ్లు బంగాళదుంపలు తిని, మాంసం కాల్చుకుని, అమ్మ బండిని తిట్టిన తిట్లన్నీ గుర్తున్నంత మేర పోగేసుకున్నారు. బానెట్ ఎత్తే ఉంది. అమ్మ చెప్పినట్టే ఒక్క ఎలుక కూడా దాని జోలికి పోలేదు.

తెల్లారి చూస్తే కాగితపు రుమాలు మీద ప్లగ్గులు లేవు. ఒక్కోదాని చోట ఒక్కో చోయా ముళ్లకాయ, అంతే వరసగా ఉంది.

"పళ్లు కట్టడంలో నాకంటే పనితనం ఉంది దీనికి," అన్నారు గుండర్సన్ గారు. ఎలుక ఇల్లు ఎదురుగా నాగజెముడు పొద కింద, నడుమెత్తున పేర్చిన పుల్లలూ ముళ్లూ. దాన్ని కదపడం నిషేధమని, నిషేధం అమలు చేయాల్సింది తానేనని ఆయన ఎంతో బాధతో చెప్పారు. టూసాన్ లో దుకాణానికి ఫోన్ చేస్తే, ఆ కాలపు బండికి ప్లగ్గులు మంగళవారానికి గానీ రావన్నారు.

"ఇంజన్ పోయిందన్నావు, పోయింది," అంది ట్రూడీ డెల్ఫీనాతో. "నీ నోటి చలవ మామూలుది కాదమ్మా."

"మంగళవారం దాకా ఇక్కడేనా అక్కా?" అన్నాడు రామిరో.

"ఏం, నీకు పనేమైనా ఉందా?"

"ఉంది."

"ఫోన్ చేసి చెప్పు, వదినకు ఒంట్లో బాగాలేదని."

సాయంత్రం డెల్ఫీనా బానెట్ ఎత్తి కర్ర ఆనించింది. అప్పుడే క్యాంపుకు వచ్చిన కొత్త కుటుంబం బండి ఆపింది. కిటికీలోంచి పెద్దాయన తల బయటపెట్టాడు.

"ఏమ్మా, బండి చెడిపోయిందా? సాయం ఏమైనా కావాలా?"

"లేదండీ," అంది డెల్ఫీనా. "ఎలుకల కోసం."

ఆయన వెంటనే నమ్మి వెళ్లిపోయాడు.