స్వహస్తాల అనాస

"ఇందుమూలంగా సమస్త సిబ్బందికీ తెలియజేయడమేమనగా, ఎండలు ముదిరినందున ఈ కార్యాలయంలో నిప్పు రద్దు చేయడమైనది."

సర్క్యులర్ అలా మొదలైంది. నిప్పు రద్దయ్యాక ఏం తినాలో రెండో పేరాలో ఉంది. ఈ పథకం కనిపెట్టిన డైరెక్టర్ గారే శుక్రవారం తనిఖీకి వస్తున్నారు. పొయ్యి వెలిగించకుండా ఒక చల్లని పళ్ల తీపిని కార్యాలయ అధిపతి స్వహస్తాలతో తయారుచేసి వారికి వడ్డించవలెను. 'స్వహస్తాలతో' కింద రెండు గీతలున్నాయి.

సూపరింటెండెంటు గారు ఆ రెండు గీతల్నీ చూసి, తర్వాత తన రెండు హస్తాల్నీ చూసుకున్నారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అవి సంతకాలు పెట్టాయి, గంట కొట్టాయి, పై అధికారులకు దండాలు పెట్టాయి. అరటిపండు మాత్రం ఒలవలేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఒలిచి పెట్టేవారు.

వెంటనే రికార్డు రూముకి కబురు వెళ్లింది.

రికార్డు రూములో పనిచేసే గుమాస్తాని అందరూ ఫైళ్లక్క అంటారు. ఆ గదికి ఒకప్పుడు కిటికీ ఉండేదని పెద్దలు చెబుతారు. ఫైళ్లు పెరిగి పెరిగి దాన్ని మింగేశాయి. ఫ్యాను ఉంది కానీ, తిరిగితే కాగితాలు ఎగురుతాయని రెక్కల్ని తాడుతో కట్టేశారు. పోయిన వేసవిలో అక్కడ పెట్టిన కొవ్వొత్తి ఎవరూ వెలిగించకుండానే కరిగిపోయింది. హాల్లో కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ తనకిమ్మని ఫైళ్లక్క నాలుగేళ్లుగా అర్జీలు పెడుతోంది. ఆ అర్జీలన్నీ చివరికి చేరేది రికార్డు రూముకే. వాటిని భద్రపరిచేదీ ఆవిడే.

"ఏమ్మా, పళ్లతో ఏదో చల్లగా చేస్తావట కదా," అన్నారు సూపరింటెండెంటు గారు.

"చేస్తానండి. పొయ్యితో పనిలేదు."

"చేసిపెట్టు. కానీ చేసింది నేను. ఆ సంగతి మర్చిపోకు."

"కిటికీ పక్క కుర్చీ సంగతి మీరు మర్చిపోకపోతే, నేనూ మర్చిపోనండి."

ఆయన తల ఊపారు. నిలువుగా ఊపారో అడ్డంగా ఊపారో చెప్పలేని ఊపు అది. అలా ఊపడానికే ఇరవై ఆరేళ్లు పడుతుంది.

గురువారం భోజనాల వేళకి రికార్డు రూమే వంటిల్లయింది. గుడ్డలో కట్టి నీళ్లు ఓడ్చిన గట్టి పెరుగు ఫైళ్లక్క ఇంటి నుంచి తెచ్చింది. అందులో చక్కెర పొడి వేసి గిలక్కొట్టింది. బిస్కెట్లను సంచిలో పోసి పేపర్‌వెయిట్‌తో నలగ్గొట్టింది. ఆ ఆఫీసులో ఆ పేపర్‌వెయిట్ పనిచేయడం అదే మొదటిసారి. గాజుగిన్నెలో అడుగున బిస్కెట్ పొడి, దానిమీద పెరుగు, ఆపైన మామిడిపండు ముక్కలు, సగానికి కోసిన ద్రాక్షపళ్లు, మళ్లీ పెరుగు.

టైపిస్టు బాబాయి గుమ్మంలో నిలబడి వాసన పట్టాడు. "అమ్మాయ్, ఒక్క చెంచా రుచి చూస్తే రూల్స్ ఏమైనా అడ్డొస్తాయంటావా?"

"రుచి చూస్తే మీరూ సాక్షే బాబాయ్."

"అయితే వద్దులే తల్లీ. రిటైర్మెంటుకి ఆర్నెల్లే ఉంది," అన్నాడు, చెంచా నాకుతూ.

అప్పుడే సూపరింటెండెంటు గారు పళ్లెం పట్టుకుని వచ్చారు. అందులో పళ్లబండి దగ్గర తరిగించిన అనాస ముక్కలు.

"నేనసలు చెయ్యే పెట్టకుండా స్వహస్తాలతో అని సంతకం పెడితే అబద్ధమవుతుంది. నాకు అబద్ధం పడదు. ఈ ముక్కలు నేను వేస్తాను."

"ఇప్పుడు వద్దండి. పచ్చి అనాస పెరుగులో తెల్లార్లూ నానితే చేదెక్కుతుంది. రేపు వడ్డించే ముందు పైన వేద్దాం."

"రేపు డైరెక్టర్ గారి ముందు నా చేతులు వణుకుతాయి. ఇవాళే వేయాలి. అయినా పండు తీపి, చక్కెర తీపి. తీపీ తీపీ కలిస్తే చేదెక్కడినుంచి వస్తుందమ్మా? ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది."

సర్వీసుతో వాదించి గెలిచిన పండు లేదు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిన నిమిషంలో ఫైళ్లక్క నాలుగు గరిటెలు స్టీలు డబ్బాలోకి తీసి మూత పెట్టింది. ఎవరూ ముట్టుకోకుండా మూతమీద 'పరిశీలనలో ఉంది' అని చీటీ అంటించి, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ ఆఫీసులో ఆ మాట రాసి ఉన్నదాన్ని ఇంతవరకు ఎవరూ తెరవలేదు.

సూపరింటెండెంటు గారు వచ్చి పదకొండు ముక్కలు వేశారు. గరిటెతో అడుగుదాకా కలిపారు. ఆ శ్రమకి ఒక పూట సెలవు పెట్టి ఇంటికెళ్లారు.

శుక్రవారం హాల్లో ఇరవైమంది చెంచాలు గాల్లో పట్టుకుని నిలబడ్డారు. పై అధికారి నాలుక తీర్పు చెప్పేదాకా కింది నాలుకలు ఆగాలి కదా. డైరెక్టర్ గారు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఆయన ఎడమ కనుబొమ్మ పైకి వెళ్లింది, తిరిగి రాలేదు.

"ఎవరు చేశారిది?"

సూపరింటెండెంటు గారు ఫైళ్లు చదవకపోయినా కనుబొమ్మలు బాగా చదువుతారు. "రికార్డు రూము గుమాస్తా చేసిందండి. నాకేం సంబంధం లేదు."

ఫైళ్లక్కకి కిటికీ కనిపించినట్టే కనిపించి మూసుకుపోయింది.

డైరెక్టర్ గారు మింగలేక కక్కలేక చుట్టూ చూశారు. ఎదురుగా ఫోటోగ్రాఫర్. వెనక గోడమీద తన పథకం, కింద తన పేరు. గుటక వేశారు.

"అద్భుతం," అన్నారు. "తీపి వెనకాల చిన్న చేదు. పెద్ద పెద్ద హోటళ్లలో ఇలాగే ఉంటుంది. మామూలు నాలుకలకి ఇది అందదు."

ఆ క్షణంలోనే ఇరవై మామూలు నాలుకలకి ప్రమోషన్ వచ్చింది. చేదు ఎంత హుందాగా ఉందోనని ఒకరన్నారు. "నాకైతే ఇంకాస్త చేదుండాల్సింది," అన్నాడు టైపిస్టు బాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

"ఈ చేదు దేనివల్ల వచ్చింది?"

"అనాసవల్లండి," అంటూ సూపరింటెండెంటు గారు ముందుకు దూకారు. "ఆవిడ వద్దంటున్నా నేనే వేశాను. అసలు చేసిందంతా నేనేనండి. ఆవిడ గిన్నె పట్టుకుంది, అంతే."

"అయితే ఈ వేసవంతా ప్రతి శుక్రవారం మీరే స్వహస్తాలతో చేయండి. సిబ్బంది ముందు మొదటి గిన్నె మీరే తిని చూపించండి," అన్నారు డైరెక్టర్ గారు. ఫోటోగ్రాఫర్ ఫోటో తీశాడు.

నాలుగింటికి రికార్డు రూము తలుపు మెల్లగా తెరుచుకుంది. డైరెక్టర్ గారు ఒక్కరే లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, అనాస వేయకముందుది ఏమైనా మిగిలిందా? ఇంకా నోరు విషంలా ఉంది."

"ఉందండి. పరిశీలనలో ఉంది."

ఫైళ్లక్క ఫ్రిజ్‌లోంచి డబ్బా తెచ్చింది. బల్లమీద దాని పక్కనే ఒక లావుపాటి ఫైలు పెట్టింది.

"ఇది కూడా పరిశీలనలోనే ఉందండి, నాలుగేళ్లనుంచి. ముందు ఏది తెరవమంటారు?"

డైరెక్టర్ గారు కట్టేసిన ఫ్యాను వైపు చూశారు. చెమట తుడుచుకున్నారు. డబ్బామీద చల్లటి నీటి చుక్కలు జారుతున్నాయి. జేబులోంచి పెన్ను తీశారు.

మరుసటి శుక్రవారం కిటికీలోంచి గాలి వస్తోంది. హాలు మధ్యలో సూపరింటెండెంటు గారు మొదటి గిన్నె తింటూ అద్భుతం, అద్భుతం అంటున్నారు. 'రహస్యం' అని రాసిన స్టీలు డబ్బా ఒకటి అప్పటికే డైరెక్టర్ గారి కారులో బయల్దేరింది.

"ఏమ్మా, నువ్వు తినవా?" అన్నారు సూపరింటెండెంటు గారు, నీళ్లు నిండిన కళ్లతో.

"నాది మామూలు నాలుకండి, అందదు," అని ఫైళ్లక్క కుర్చీని కిటికీవైపు తిప్పుకుని, తన డబ్బా మూత తీసింది.